పగటి వెలుతురు, నాలుగడుగులు, రాత్రి నిద్ర

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలి కీమో మొదలైతే చూడవచ్చినవాళ్లంతా ఒకే మాట చెప్పి వెళతారు: రెస్ట్ తీసుకోండి. ప్రేమతో చెప్పే మాటే అది. వెనక గదిలో మంచం వేస్తారు, కిటికీకి కర్టెన్ లాగేస్తారు, గోల చేయొద్దని పిల్లల్ని అటు పోనివ్వరు. పేషెంటు పగలంతా కాసేపు కునుకు తీస్తూ, కాసేపు ఫోన్ చూస్తూ, మళ్లీ ఒరిగిపోతూ గడుపుతారు. తీరా రాత్రి ఇల్లు సద్దుమణిగాక కన్ను మూతపడదు. ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి టైము చూసుకుంటూ అటూ ఇటూ దొర్లుతారు. తెల్లారేసరికి ఒళ్లంతా పులిసిపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ అదే సలహా.

ఆ సలహాలో సగమే మేలు చేస్తుంది. రాత్రి విశ్రాంతి ఎంత అవసరమో, పగలు వెలుతురులో ఉండటం, ఒళ్లు కాస్త కదల్చడం అంతే అవసరమని పాతికేళ్లుగా జరుగుతున్న పరిశోధనలు చెబుతున్నాయి. చీకటి గదిలో గడిపిన పగలు, రాత్రి నిద్రను తినేస్తుంది.

ఇది ఏ కొద్దిమందికో ఉండే బాధ కాదు. కీమో తీసుకుంటున్న 823 మందిని పరిశీలించి అమెరికన్ పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లలో సుమారు 43 శాతం మందికి నిద్రలేమి జబ్బు స్థాయిలోనే ఉంది. మరో 37 శాతం మందికి ఆ లక్షణాలున్నాయి. మామూలు జనంలో కనిపించేదానికి ఇది దాదాపు మూడు రెట్లు. అయినా డాక్టరు గదిలో నిద్ర ఊసు రాదు. వాంతులు తగ్గాయా, కౌంట్ ఎంత ఉంది, స్కాన్ ఎప్పుడు అని మాట్లాడుకునేసరికి లోపలికి రావాల్సిన తర్వాతి పేషెంటు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. ఇంత పెద్ద రోగంలో నిద్ర గురించి ఏం అడుగుతాంలే అని పేషెంటూ ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దని చెప్పడానికే ఈ వ్యాసం.

నిద్ర చెడటానికి మొదటి కారణాలు చికిత్సలోనే ఉంటాయి. వాంతులు రాకుండా, ఎలర్జీ రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. ఆ రోజూ మరుసటి రెండు రోజులూ అది మనిషిని రాత్రంతా మేలుకోబెట్టగలదు. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మందులు వాడే ఆడవాళ్లకు అర్ధరాత్రి ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిర్లు లేచి, చెమటలు పట్టి మెలకువ వస్తుంది. ఆపరేషన్ చేసిన వైపు తిరిగి పడుకోలేరు. సెలైన్ ఎక్కించిన రాత్రి నాలుగైదుసార్లు బాత్రూముకు లేవాలి. వీటన్నిటి మీదా భయం.

ఈ కారణాల్లో చాలావరకు కొన్నాళ్లకు నెమ్మదిస్తాయి. నిద్రలేమి మాత్రం చికిత్స అయిపోయి నెలలు గడిచినా చాలామందిని వదలదు. మధ్యలో అలవాటైన బతుకు తీరే అందుకు ముఖ్య కారణమని నిద్ర నిపుణులు అంటారు. మంచం మీదే తిండి, మంచం మీదే టీవీ, పగటి కునుకులు, మూసిన కిటికీలు. ఆకలితో పోల్చి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రోజంతా చిరుతిళ్లు తింటూ ఉంటే రాత్రి అన్నం సహించదు. మేలుకుని తిరిగిన గంటల కొద్దీ మెదడులో నిద్ర ఒత్తిడి పోగవుతుంది. రోజుకు నాలుగు కునుకులు తీస్తే ఆ ఒత్తిడి నాలుగుసార్లు కరిగిపోయి రాత్రికి ఏమీ మిగలదు.

నిద్రను నడిపే రెండో శక్తి జీవగడియారం. కళ్ల వెనక నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన, మెదడు అడుగున, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. ఎప్పుడు మెలకువ, ఎప్పుడు నిద్ర, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలి, మెలటోనిన్ ఎప్పుడు ఊరాలి అన్న లెక్కలన్నీ దానివే. కణాల లోపల ఈ గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి గడియారం దానంతట అది నడిస్తే సగటున 24 గంటల మీద మరో పది పన్నెండు నిమిషాలు తీసుకుంటుంది. అంటే రోజూ ఎవరో ఒకరు సరిచేయకపోతే నెమ్మదిగా వెనకబడిపోతుంది. దాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురు.

ఆ వెలుతురు కబురు మోసే కణాలు చూపుకి పనికొచ్చే కణాలు కావు. రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న ప్రత్యేక కణాలు కొన్ని ఉన్నాయని, వెలుతురు పడగానే అవి సొంతంగా స్పందిస్తాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపించింది. ఆకాశపు నీలిరంగు కాంతికి అవి బాగా స్పందిస్తాయి. అందుకే చూపు పూర్తిగా పోయినవాళ్లలో కూడా కొందరి గడియారం వెలుతురును గుర్తుపడుతుంది.

ఇక్కడ మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. ట్యూబ్‌లైటు వేసిన గదిలో వెలుతురు సాధారణంగా 100 నుంచి 300 లక్స్. మబ్బు పట్టిన రోజైనా సరే ఆరుబయట అది వేలల్లో ఉంటుంది. నడిమధ్యాహ్నపు ఎండలో లక్ష దాటొచ్చు. కంటిపాప ముడుచుకుని సర్దుకుంటుంది కాబట్టి ఇంత తేడా ఉందని మనకు తెలియదు. గదిలోనూ బాగానే వెలుతురు ఉంది కదా అనిపిస్తుంది. మెదడులోని గడియారానికి మాత్రం ఆ గది మునిమాపువేళతో సమానం. కర్టెన్ లాగేసిన గదిలో పది రోజులు గడిపిన మనిషికి పగలు ఎప్పుడు మొదలైందో ఆ గడియారానికి చెప్పినవాళ్లే లేరు.

ఈ గందరగోళాన్ని కళ్లారా చూడొచ్చు. పరిశోధకులు రోగుల చేతికి వాచీలాంటి చిన్న పరికరం కడతారు. అది నిమిషనిమిషానికీ కదలికను నమోదు చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి వారం రోజుల పటం తీస్తే, పగటి భాగంలో నల్లటి గీతలు ఒత్తుగా, ఎత్తుగా లేచి ఉంటాయి. రాత్రి భాగం దాదాపు తెల్లకాగితం. కీమో నడుస్తున్న కొందరి పటంలో పగటి గీతలు కుంగిపోయి మధ్యమధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. రాత్రి తెల్లగా ఉండాల్సిన చోట పొట్టి గీతలు మొలుస్తాయి. ఇంకా ముదిరితే ఏది పగలో ఏది రాత్రో గుర్తుపట్టడం కష్టం. వ్యాపించిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారిలో ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ లెవీ బృందం ఇలాంటి పటాలే తీసి 2000లో ఫలితాలు ప్రచురించింది. పగలు రాత్రి తేడా స్పష్టంగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం, మెరుగ్గా బతికారు. జబ్బు ముదరడం వల్లే లయ చెడి ఉండొచ్చు కాబట్టి, లయ సరిచేస్తే ఆయుష్షు పెరుగుతుందని దీన్నిబట్టి అనలేం. పగలు పగల్లా గడవడం చిన్న విషయం కాదని మాత్రం అనొచ్చు.

మరి వెలుతురు ఇచ్చి చూశారా? చూశారు. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో సోనియా ఆంకోలీ ఇజ్రాయెల్ బృందం రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 39 మంది స్త్రీలను రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టు రోజూ నిద్ర లేవగానే అరగంట పాటు ప్రకాశవంతమైన తెల్లటి దీపపు పెట్టె ముందు కూర్చుంది. రెండో జట్టు అంతే సేపు మసక ఎర్ర దీపం ముందు కూర్చుంది. 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం, కీమో సాగే కొద్దీ ఎర్ర దీపం జట్టులో నీరసం పెరిగింది, తెల్ల దీపం జట్టులో పెరగలేదు. పగలు రాత్రి లయ కూడా తెల్ల దీపం జట్టులోనే నిలబడింది. చికిత్స ముగిశాక కూడా నీరసం వదలనివాళ్ల మీద న్యూయార్క్‌లో ఇలాంటి పరీక్షే చేశారు. మంచం మీద గడిపే గంటల్లో నిజంగా నిద్రపోయే వంతు తెల్ల దీపంతో మామూలు స్థాయికి చేరింది. అన్ని పరీక్షలూ ఇంత తేటగా తేలలేదన్నదీ చెప్పాలి. లింఫోమా నుంచి బయటపడినవాళ్ల మీద నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో ప్రకాశవంతమైన దీపం జట్టు, మసక దీపం జట్టు రెండూ మెరుగయ్యాయి, వాటి మధ్య తేడా తేలలేదు. రోజూ ఒకే వేళకు లేచి కూర్చోవడమే కొంత మేలు చేసి ఉండొచ్చు.

నడక విషయంలో ఆధారాలు ఇంకాస్త గట్టివి. తైవాన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 111 మంది పాల్గొన్న పరీక్షలో ఒక జట్టు 12 వారాల పాటు, వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఇంటి దగ్గరే నడిచింది. వాళ్ల నిద్ర మెరుగుపడింది. లయ బాగా చెడిపోయినవాళ్లకే ఎక్కువ లాభం దక్కడం అందులో నాకు ముఖ్యంగా తోచిన సంగతి. నడవలేనేమోనని జంకేవాళ్ల కోసం మరో పరీక్ష ఉంది. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో కరెన్ మస్టియన్ నాయకత్వాన చికిత్స పూర్తయిన 410 మందితో జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. వారానికి రెండుసార్లు, 75 నిమిషాల చొప్పున, నాలుగు వారాలు తేలికపాటి ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం చేసిన జట్టు నిద్ర బాగుపడింది, నిద్రమాత్రల వాడకం తగ్గింది. మన యోగా అక్కడ పెద్ద పరీక్షకు నిలిచింది. ఇక్కడ మాత్రం క్యాన్సర్ వచ్చిందనగానే ముందు మానిపించేది దాన్నే.

వెలుతురునీ నడకనీ విడివిడిగా చూడక్కర్లేదు. పొద్దున్నే ఆరుబయట నడిస్తే రెండూ ఒకేసారి అందుతాయి. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు దీపపు పెట్టె కొనాల్సిన పని సాధారణంగా లేదు. ఏడు, ఎనిమిది గంటల మధ్య డాబా మీదో, వీధి చివరిదాకానో అరగంట తిరిగితే చాలు. ఎండలో మాడనక్కర్లేదు, వెలుతురు కావాల్సింది కళ్లకు గానీ చర్మానికి కాదు. చెట్టు నీడలో, వరండాలో కూర్చున్నా గదిలోకంటే ఎన్నో రెట్లు అందుతుంది. కొన్ని కీమో మందుల వల్ల చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. రేడియేషన్ ఇచ్చిన చోట చర్మాన్ని ఎండ తగలకుండా కప్పుకోవాలి. కాబట్టి నీడే మంచిది. డిసెంబరులో న్యూజెర్సీలో చికిత్స తీసుకుంటున్న మనవాళ్ల సంగతి వేరు. అక్కడ ఏడు దాటితే గానీ పొద్దు పొడవదు, సాయంత్రం నాలుగున్నరకే కుంగుతుంది, బయట చలి. వాళ్లకు దీపపు పెట్టె ఉపయోగమే. రెటీనా జబ్బులున్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు.

పొద్దుటి వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, సాయంత్రపు వెలుతురు వెనక్కి నెడుతుంది. రాత్రి ఏడింటికే కళ్లు మూతలు పడి రెండింటికి మెలకువ వచ్చే పెద్దవాళ్లకు సాయంత్రం నడకే నప్పుతుంది.

ఎంత నడవాలి? వారానికి మూడుసార్లు, అరగంట, మాట్లాడగలిగేంత వేగంతో. క్యాన్సర్ రోగుల వ్యాయామంపై అంతర్జాతీయ నిపుణుల బృందం 2019లో చెప్పింది సుమారుగా ఇదే. మొదటి రోజే అంత చేయాలని కాదు. కీమో అయిన మర్నాడు లేవలేకపోతే కుర్చీ కిటికీ దగ్గరికి లాగి, కర్టెన్ పూర్తిగా తీసి అక్కడ కూర్చోండి. రెండు మూడు రోజులకు గేటు దాకా, ఆ తర్వాత వీధి మలుపు దాకా. కునుకు తప్పనిసరైతే మధ్యాహ్నం మూడింటిలోపు, అరగంటకు అలారం పెట్టుకుని తీయండి. ఇంట్లోవాళ్లు «ఎందుకమ్మా, పడుకో» అనే బదులు చెప్పులు తెచ్చి ఇచ్చి పక్కన నడిస్తే అంతకు మించిన సాయం లేదు.

నడవకూడని రోజులూ ఉంటాయి. జ్వరం ఉంటే వద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. తల తిరుగుతున్నా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా వద్దు. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్లు ఏ వ్యాయామం చేయొచ్చో ముందుగా డాక్టర్ని అడిగి తీరాలి. తెల్లకణాలు తక్కువున్నప్పుడు జనం మూగే పార్కు కంటే సొంత డాబా నయం. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ లాంటి మందులతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు పొద్దున్నే వట్టికాళ్లతో గడ్డి మీద నడిస్తే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. బూట్లు ఉండాల్సిందే.

నాలుగైదు వారాలు ఇలా చేసినా నిద్ర దారికి రాకపోతే డాక్టరుకు చెప్పండి. డెక్సామెథాసోన్ సాయంత్రం డోసును పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి, కొన్ని చికిత్సల్లో అది వీలవుతుంది. గురక పెట్టి, ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తుంటే ఆ మాట చెప్పండి, అది వేరే జబ్బు. ఏ పనీ చేయబుద్ధి కాక, మనసు పూర్తిగా దిగాలుపడిపోయి ఉంటే అదీ చెప్పండి. నిద్రలేమికి మాత్రల కంటే ముందుగా ఇవ్వాల్సిన చికిత్స ఒకటుంది. మంచం మీద గడిపే గంటలను కుదించి, నిద్ర గురించిన భయాలను మాటలతో సరిచేసే కౌన్సెలింగ్ అది. పెద్దవాళ్లలో దీర్ఘకాల నిద్రలేమికి మొదటి చికిత్స అదేనని అమెరికన్ ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే స్పష్టం చేసింది, క్యాన్సర్ రోగులకూ అది పనిచేస్తుంది. మీ ఆసుపత్రిలో సైకాలజిస్టు ఉంటే ఈసారి కీమోకి వెళ్లినప్పుడే కలవండి. వెళ్లేటప్పుడు రెండు వారాల చిట్టా ఒకటి పట్టుకెళ్లండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, పగలు ఎంతసేపు పడుకున్నారు, బయట ఎంతసేపు ఉన్నారు.