బీరువాలో నిద్రపోయిన కచేరీ

జాజ్ అనగానే మనలో చాలామంది 'అబ్బే, ఆ డప్పులూ బాకాల గోల మనకెందుకమ్మా' అని రేడియో ముల్లు తిప్పేస్తాం. గోల చేసే జాజ్ లేకపోలేదు. కాని నలుగురే నలుగురు చేరి, కబుర్లు చెప్పుకున్నట్టు ఒకరి మాట ఒకరు వింటూ వాయించే జాజ్ కూడా ఉంది. అలాంటి ఒక కచేరీ గురించీ, అది రికార్డుగా మనదాకా ఎలా వచ్చిందనేదాని గురించీ ఇవాళ చెప్తాను.

1938 జనవరి 16, ఆదివారం రాత్రి. న్యూయార్కులో కార్నెగీ హాలు. అది పాశ్చాత్య శాస్త్రీయ సంగీత విద్వాంసులు కూచునే గద్దె. డాన్సు హాళ్ళలో వాయించుకునే బెన్నీ గుడ్‌మన్ బృందాన్ని అక్కడికి ఎక్కించడమంటే, పెళ్ళి బ్యాండుమేళాన్ని తీసుకెళ్ళి త్యాగరాజ ఉత్సవాల వేదిక మీద నిలబెట్టినట్టే అనుకోండి. అయినా టిక్కెట్లన్నీ ముందుగానే చెల్లిపోయాయి. చాలక వేదిక మీద కూడా కుర్చీలు వేశారు.

ఈ గుడ్‌మన్ షికాగోలో ఒక పేద యూదు దర్జీ కొడుకు, 12 మంది పిల్లల్లో తొమ్మిదోవాడు. ఆయన వాద్యం క్లారినెట్. మన బ్యాండుమేళాల్లో పాట ఎత్తుకునే నల్లటి పొడుగు వాద్యం ఉంటుంది చూడండి, అదే.

పెద్ద బృందం వాయిస్తున్న మధ్యలో చిన్న బృందం ముందుకొచ్చింది. మొదట ముగ్గురు: గుడ్‌మన్, పియానో మీద టెడ్డీ విల్సన్, డ్రమ్ముల మీద జీన్ క్రూపా. 'బాడీ అండ్ సోల్' వాయించారు. తర్వాత వైబ్రఫోన్‌తో లయొనెల్ హాంప్టన్ వచ్చి కలిశాడు. వైబ్రఫోన్ అంటే వరసగా పేర్చిన లోహపు పలకలు. వాటిని మెత్తటి తలలున్న పుల్లలతో కొడతారు. కింద గొట్టాల్లో చిన్న బిళ్ళలు మోటారుతో తిరుగుతూ ఉంటే స్వరం వణుకుతూ సాగుతుంది. జలతరంగంలో నీళ్ళ గిన్నె మోగాక మిగిలే అలికిడి గుర్తొస్తుంది నాకు.

ఇక స్వింగ్ అంటే ఏమిటి? మాటకు అర్థం ఊగడం. తాళంలో ఒక్కొక్క దెబ్బనీ సరిగ్గా సగానికి చీల్చరు. మొదటి సగం కాస్త పొడుగు, రెండోది కాస్త పొట్టి. ఆ హెచ్చుతగ్గుల్లోంచే ఊపు పుడుతుంది. పాట సామాన్యంగా 128 దెబ్బల చక్రం, అంటే మన లెక్కన ఆదితాళం 16 ఆవర్తాలు. ఒకసారి పాటను పాటలాగే వాయిస్తారు. ఆ తర్వాత ఆ చక్రం అలాగే తిరుగుతుంటుంది, కిందనున్న స్వరాల గుంపులూ అదే వరసలో వస్తుంటాయి. వాటి మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు తమ కల్పన చేస్తారు. నెరవల్, కల్పన స్వరాలు విన్న చెవికి ఇదేమంత కొత్త కాదు. మనకు రాగం కట్టు, వాళ్ళకు ఆ స్వరాల గుంపుల వరస కట్టు.

ఇక్కడొక విశేషం ఉంది. ఇలాంటి బృందాల్లో మామూలుగా మనిషంత ఎత్తున్న బేస్ అనే తీగల వాద్యం ఒకటి నిలబడి, నేల పట్టు ఇస్తుంది. ఈ నలుగురిలో అది లేదు! ఆ పని విల్సన్ ఎడమచెయ్యీ, క్రూపా కాలి కింది పెద్ద డ్రమ్మూ పంచుకున్నాయి. అందుకే ఆ సంగీతం అంత తేలిగ్గా ఉంటుంది. ఏ ఒక్కరు పరాకుగా ఉన్నా కూలిపోతుంది కూడా.

వీళ్ళలో గుడ్‌మన్, క్రూపా తెల్లవాళ్ళు. విల్సన్, హాంప్టన్ నల్లవాళ్ళు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ రెండు జాతులవాళ్ళూ బస్సులో పక్కపక్కన కూచోకూడదని చట్టమే ఉండేది. పెద్ద బేస్‌బాల్ జట్లలో నల్లవాడు అడుగుపెట్టడానికి 1947 దాకా పట్టింది. గుడ్‌మన్ మాత్రం 1936లోనే షికాగో హోటల్లో విల్సన్‌ని పక్కన పెట్టుకుని జనం ముందు వాయించాడు. అయితే ఉన్నమాట చెప్పాలి. పెద్ద బృందంలోని కుర్చీలు అప్పటికి తెల్లవాళ్ళవే. వీళ్ళిద్దరూ విడి అంశంగా వచ్చి వాయించి వెళ్ళేవాళ్ళు. తలుపు సగమే తెరుచుకుందన్నమాట. రికార్డు పెట్టుకుని కళ్ళు మూసుకు వినండి, ఏ చెయ్యి ఏ రంగుదో చెవికి తెలియదు.

ఆ రికార్డు ఎలా తయారైందో కూడా చెప్పుకోవాలి. ఏ కంపెనీవాళ్ళూ దాన్ని అమ్మకానికని చేయలేదు. ఆల్బర్ట్ మార్క్స్ అనే ఆయన సొంత ముచ్చట కొద్దీ ఏర్పాటు చేశాడు. ఆయన భార్య హెలెన్ వార్డ్ అంతకుముందు గుడ్‌మన్ బృందంలో గాయని. వేదికకు పైన వేలాడదీసిన మైకు నుంచి ధ్వని టెలిఫోను తీగ మీదుగా స్టూడియోకి వెళ్ళింది. అక్కడ దాన్ని మెత్తటి పూత పూసిన లోహపు పళ్ళేల మీద గీతలుగా చెక్కారు. టేపు ఇంకా వాడుకలోకి రాలేదు మరి. బజారులో దొరికే మామూలు రికార్డు ఒకవైపు మూడు నిమిషాలకే అయిపోయేది. స్టూడియోలో ఆ గీత లోపలే పాట ముగించాలి. హాల్లో ఆ తొందర లేదు. బాగా కుదిరితే ఇంకో చుట్టు తిరగొచ్చు, జనం చప్పట్లు కొడితే రెచ్చిపోవచ్చు. ప్రత్యక్ష కచేరీ రికార్డులో అసలు విలువంతా అదే. తప్పు జరిగితే మళ్ళీ మొదటినుంచి అనే అవకాశం మాత్రం ఉండదు.

ఆ పళ్ళేల నకలు ఒకటి గుడ్‌మన్‌కి చేరింది. ఆయన ఇంటి గోడబీరువాలో పన్నెండేళ్ళు పడి ఉంది. 1950లో బయటపడ్డాక కొలంబియా కంపెనీ రెండు లాంగ్ ప్లే రికార్డులుగా విడుదల చేస్తే, ఏళ్ళ తరబడి అమ్ముడవుతూనే ఉంది. పండగకి బీరువాలు దులిపేటప్పుడు పాతదని కనబడ్డదల్లా సామాన్లవాడికి వేసే అలవాటున్న వాళ్ళు ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. 2002 సంవత్సరానికి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం, భద్రపరచవలసిన ధ్వని ముద్రణలని 50 ఎంచి తొలి జాబితా వేసింది. అందులో ఇదొకటి.

ఆ రాత్రి తర్వాత రెండు నెలలు తిరక్కుండానే క్రూపా గుడ్‌మన్‌తో పడక బయటికెళ్ళి సొంత బృందం పెట్టుకున్నాడు. ఆ పళ్ళేలే లేకపోతే, ఈ నలుగురూ నిండు సభలో ఎలా వాయించారో ఇంత వివరంగా తెలిసేది కాదు.

ఇప్పుడు సెల్‌ఫోనులో కూడా దొరుకుతుంది. ముందు 'బాడీ అండ్ సోల్' వినండి, ఆ తర్వాత 'అవలాన్'. మొదట గరగర వినిపిస్తుంది, విసుక్కోకండి. అది పాత పళ్ళెం చప్పుడు. రెండోసారి వినేటప్పుడు క్లారినెట్‌ని వదిలేసి, విల్సన్ ఎడమచేతిని మాత్రమే పట్టుకుని వెళ్ళండి.