కుందూ గట్టు శశిరేఖ

తెలుగువాళ్లను నిద్రలో లేపి శశిరేఖ ఎవరని అడిగినా సావిత్రి పేరే చెబుతారు. చెప్పాలి కూడా. 1957 నాటి ‘మాయాబజార్‌’లో శశిరేఖ రూపంలో తిరిగే ఘటోత్కచుణ్ణి ఆమె నడకలో, చూపులో చూపించిన తీరు తెలిశాక ఇంకొకరి పేరు నోటికి రాదు. అయితే అంతకు ఇరవై ఒక్క ఏళ్ల ముందే తెలుగు తెర మీద ఒక శశిరేఖ ఉంది. 1936లో మద్రాసులోని వేల్ పిక్చర్స్ వాళ్లు పి.వి. దాసు దర్శకత్వంలో ‘శశిరేఖా పరిణయం’ తీశారు. దానికి ‘మాయాబజార్’ అన్న పేరూ ఉంది. ఆ శశిరేఖకు అప్పటికి పదహారేళ్లు. ఇంట్లో పెట్టిన పేరు సుబ్బమ్మ, ఇంటిపేరు వెల్లాల. తెర మీద శాంతకుమారి. పుట్టింది 1920 మే 17న, ప్రొద్దుటూరు దగ్గరి రాజుపాలెంలో.

అంటే మన కొలిమిగుండ్లకు పక్కనే. నంద్యాల, కోవెలకుంట్ల పొలాలను తడిపిన కుందూ నీళ్లే దిగువకు పోయి రాజుపాలెం పొలాలకూ అందుతాయి. కొలిమిగుండ్ల నుంచి ఒక దారి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకు పోతే, ఇంకో దారి తాడిపత్రికి పోతుంది. 1957 ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిది ఆ తాడిపత్రి ప్రాంతమే. శశిరేఖ పెళ్లిని తెలుగు సినిమా రెండుసార్లు ఘనంగా చేసింది. ఒకసారి పెళ్లికూతురు మన సీమ పిల్ల, ఇంకోసారి పెళ్లి చేసిన పెద్ద మన సీమవాడు. నాపరాళ్ల గనులకూ బెలుం గుహలకూ పేరుపడ్డ ఈ మండలంలో, ఈ సంగతి పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

శాంతకుమారి అనగానే మనకు గుర్తొచ్చే ముఖం వేరు. భుజం చుట్టూ కప్పుకున్న కొంగు, నుదుట పెద్ద బొట్టు, కళ్ల నిండా నీళ్లు. ఎదురుగా కొడుకు. ఆ కొడుకు రామారావు కావచ్చు, నాగేశ్వరరావు కావచ్చు, అరవ సినిమా అయితే శివాజీ గణేశన్ కావచ్చు. మూడు తరాల ప్రేక్షకులు ఆమెను అమ్మగానే చూశారు, అమ్మగానే గుర్తుపెట్టుకున్నారు. అది గౌరవమే, కాదనను. కానీ ఆ గౌరవం కింద ఒక గాయని, ఒక కథానాయిక మరుగున పడిపోయారు. వాళ్లిద్దరి గురించే ఈ కథనం.

గొంతు ఉంటేనే వేషం

సుబ్బమ్మది సంగీతం తెలిసిన ఇల్లు. పిల్ల గొంతు చూసి పెద్దవాళ్లు శ్రద్ధ పెట్టారు. కర్ణాటక సంగీతం, వయొలిన్ నేర్చుకోవడానికి మద్రాసులో ఆమెకు దొరికిన గురువు సామాన్యుడు కాడు, ప్రొఫెసర్ పి. సాంబమూర్తి. దక్షిణాది సంగీత శాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో పాఠంగా నిలబెట్టిన పండితుడాయన. గాయని డి.కె. పట్టమ్మాళ్‌ది దాదాపు ఈమె వయసే. ఆడపిల్లలు కచేరీ వేదిక ఎక్కితే జనం తలా ఒక మాట అనే కాలంలో ఎదిగిన తరం అది. పదిహేనేళ్లు వచ్చేసరికే సుబ్బమ్మ తాను పిల్లలకు సంగీతం చెప్పే స్థాయికి చేరింది.

సినిమా వాళ్ల చూపు అలాంటి అమ్మాయి మీద ఎందుకు పడిందో తెలియాలంటే అప్పటి షూటింగు ఎలా జరిగేదో తెలియాలి. టాకీ వచ్చి నాలుగైదేళ్లే అయింది. ఒకరు పాడితే ఇంకొకరు పెదవులు కదిపే పద్ధతి తెలుగులో ఇంకా లేదు. కెమెరా ముందు నిలబడ్డవాళ్లే పాడాలి, అదీ ఆ క్షణంలోనే. హార్మోనియం, తబలా, ఫిడేలు వాయించేవాళ్లు కెమెరాకు కనబడకుండా ఏ తెర వెనకో, ఏ చెట్టు చాటునో కూర్చునేవాళ్లు. మైకు నటి తల పైన ఎక్కడో ఉండేది. శ్రుతి తప్పితే మొదటికొచ్చేది. నటన తప్పినా మొదటికే. నగలు, కిరీటాలు, మండే దీపాల వేడి, వీటన్నిటి నడుమ రాగం చెదరకుండా, ముఖం మీద భావం జారకుండా నిలబడాలి. అందుకే ఆ రోజుల్లో నిర్మాతలు ముందు గొంతు వినేవాళ్లు, ముఖం తరువాత చూసేవాళ్లు. సాంబమూర్తి దగ్గర నేర్చుకున్న పిల్లకు శశిరేఖ వేషం అలా వచ్చింది. అదృష్టం కొద్దీ వచ్చిందని నేను అనుకోను.

మరుసటి ఏడాది ‘సారంగధర’. దర్శకుడు నెల్లూరు వాడైన పి. పుల్లయ్య. అప్పటికే ‘హరిశ్చంద్ర’ తీసి పేరు తెచ్చుకున్న యువకుడు. ఆ 1937లోనే ఇద్దరికీ పెళ్లయింది. అక్కడి నుంచి ఆ ఇద్దరి సినిమా జీవితాలను విడదీసి చెప్పడం కష్టం. పెళ్లయిన నటి తెర వదిలి వంటింటికి వెళ్లడమే మర్యాద అనుకునే కాలంలో ఆ ఇల్లు ఆమెను తెర మీదే ఉంచింది. 1939లో పుల్లయ్య ‘శ్రీ వెంకటేశ్వర మాహాత్మ్యం’ తీశాడు. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు శ్రీనివాసుడు, శాంతకుమారి పద్మావతి. పందొమ్మిదేళ్ల పద్మావతి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

1941లో కొల్హాపూర్‌లో ‘ధర్మపత్ని’ తీశారు. మరాఠీ రచయిత ఖాండేకర్ కథ. ఇటు శాంతకుమారి, అటు భానుమతి. ఇద్దరూ సొంత గొంతుతో పాడేవాళ్లే. ఆ చిత్రంలోనే చిన్న వేషంలో ఒక కుర్రాడు మొదటిసారి కెమెరా ముందుకొచ్చాడు. అతనే అక్కినేని నాగేశ్వరరావు. నాలుగేళ్ల తరువాత గూడవల్లి రామబ్రహ్మం ‘మాయాలోకం’లో ఆ కుర్రాడు, ఈవిడ మళ్లీ కలిసి నటించారు.

ఇక 1943. నాగయ్య నిర్మాణంలో పుల్లయ్య ‘భాగ్యలక్ష్మి’ తీశాడు. తెర మీద కమలా కోట్నీస్ కనబడుతుంటే వినబడింది రావు బాలసరస్వతీదేవి గొంతు. తెలుగు సినిమాలో నేపథ్యగానం ఆ చిత్రంతోనే మొదలైందని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. పాటలు బాగుపడ్డాయి, పాడలేని మంచి నటులకు దారి దొరికింది. నిజమే. కానీ గొంతే ఆస్తిగా పరిశ్రమకు వచ్చిన నటీమణుల పాదాల కింద నేల ఆ రోజు నుంచి కదలడం మొదలైంది. ఆ మార్పుకు తలుపు తీసిన దర్శకుడు శాంతకుమారి భర్తే. పుల్లయ్య తప్పేమీ లేదు. పని తెలిసినవాడు కొత్త వసతిని వాడుకోకుండా ఉండడు. అయినా ఈ సంగతి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నా మనసు కాసేపు అక్కడే ఆగిపోతుంది.

ముప్పై ఏళ్లకే తల్లి

1949లో కె.వి. రెడ్డి ‘గుణసుందరి కథ’లో ఆమె గుణసుందరి అక్కల్లో ఒకరు. నాయిక స్థానం నుంచి ఒక అడుగు పక్కకు జరిగారన్నమాట. 1950లో విజయా వారి తొలి చిత్రం ‘షావుకారు’ వచ్చింది. చెంగయ్యగా గోవిందరాజుల సుబ్బారావు, ఆయన భార్యగా శాంతకుమారి, కొడుకు సత్యంగా ఎన్.టి. రామారావు. రామారావు పుట్టింది 1923లో. తల్లికీ కొడుక్కీ మధ్య మూడేళ్లే తేడా! ఆమె వయసు అప్పటికి ముప్పై. అదే వయసు మగ నటుడైతే అప్పుడప్పుడే నాయకుడిగా కుదురుకుంటున్నట్టు లెక్క. తెలుగు సినిమా ఆడవాళ్ల విషయంలో ఇంకో లెక్క పెట్టుకుంది, ఇప్పటికీ దాన్ని పూర్తిగా మార్చుకోలేదు.

ఆ లెక్క అన్యాయమైనదే. అయినా ఆమె దానికి తల వంచి మూలన కూర్చోలేదు. ‘షావుకారు’లో పంతం పట్టిన మొగుడికీ, మాట వినని కొడుక్కీ నడుమ నలిగే ఇల్లాలిని చూడండి. గొంతు పెంచదు. మాట సగంలో ఆపి పని చేసుకుంటూ పోతుంది. పాత నాటకాల ధోరణిలో ఏడుపును సాగదీసే అలవాటు ఇంకా పోని రోజుల్లో ఆ నిదానం కొత్త. 1955లో పుల్లయ్య ‘అర్ధాంగి’లో ఆమెది సవతి తల్లి. జమీందారు గుమ్మడి, అమాయకుడైన పెద్ద కొడుకు నాగేశ్వరరావు, దారి తప్పిన సొంత కొడుకు జగ్గయ్య, ఇల్లు చక్కదిద్దే కోడలు సావిత్రి. సవతి తల్లి అంటే గయ్యాళి అని ముందే రాసిపెట్టి ఉన్న చోట, ఆవిడ ఒక తల్లి పక్షపాతాన్నీ, దాని వెనక భయాన్నీ కలిపి చూపించారు. గయ్యాళి వేషాల సూర్యకాంతం పద్ధతి వేరు, అది ఒక గొప్ప. ఇది ఇంకొక గొప్ప.

పాట తెలిసిన మనిషి మాట పలికితే ఎలా ఉంటుందో ఆమె సంభాషణలు వింటే తెలుస్తుంది. వాక్యం చివర ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ అక్షరం మీద బరువు దించాలో ఆమెకు తెలుసు. ఆ శిక్షణ గొంతులోంచి ఎక్కడికీ పోలేదు, పాటలోంచి మాటలోకి వచ్చింది. తల్లి వేషాల్లో అంతమంది వచ్చి వెళ్లినా ఆమె ప్రత్యేకంగా వినబడటానికి నాకు తోచిన కారణం ఇదే.

పద్మావతికి సంబంధం అడిగిన పద్మావతి

1960లో పుల్లయ్య ‘శ్రీ వెంకటేశ్వర మాహాత్మ్యం’ మళ్లీ తీశాడు, పద్మశ్రీ పిక్చర్స్ పతాకం మీద. ఈసారి శ్రీనివాసుడు రామారావు, లక్ష్మి ఎస్. వరలక్ష్మి, బావాజీ నాగయ్య. పద్మావతి సావిత్రి. శాంతకుమారి వకుళమాత.

వకుళ కథ తిరుపతి కొండ కింద బతికే మనకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. ద్వాపరంలో ఆమె యశోద. కృష్ణుణ్ణి పెంచింది కానీ ఒక్క పెళ్లీ కళ్లారా చూడలేదు. ఆ కోరిక తీరాలని కలియుగంలో వకుళగా పుట్టి శ్రీనివాసుడికి తల్లయింది. కొడుకు మనసు పడ్డ పిల్ల కోసం నారాయణవనం వెళ్లి ఆకాశరాజు ఇంట సంబంధం అడిగింది. 1939లో ఆ పిల్ల శాంతకుమారే. 1960లో సంబంధం అడిగిందీ శాంతకుమారే. అదే కథ, అదే దర్శకుడు, ఆయనే భర్త. తాను కూర్చున్న పెళ్లిపీటల మీద ఇంకొక అమ్మాయిని కూర్చోబెట్టడానికి ఆమె కదిలివెళ్లారు.

శశిరేఖ వేషం ఇరవై ఒక్క ఏళ్లకు సావిత్రి చేతికి వెళ్లింది. పద్మావతి వేషం కూడా ఇరవై ఒక్క ఏళ్లకు, మళ్లీ సావిత్రి చేతికే. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ ఒక తేడా ఉంది. సావిత్రి శశిరేఖకూ పద్మావతికీ పాటలు పాడింది లీల, సుశీల వంటి గాయనులు. వకుళమాత పాట మాత్రం శాంతకుమారే పాడారు. పెండ్యాల సంగీతం. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్న తల్లి పాట అది. నలభై ఏళ్ల వయసులో, సినిమా తన గొంతును దాదాపు మరిచిపోయిన తరువాత, ఆమె నోరు తెరిచి పాడితే ఆ సంగతుల్లో తడబాటు లేదు, ఆయాసం లేదు. కొత్తగా వినేవాళ్లు యశోద ఎదురుచూపు వింటారు. ఆమె మొదటి జీవితం తెలిసినవాళ్లకు ఇంకో ఎదురుచూపు కూడా వినబడుతుంది. ఆ సినిమాలోనే ఘంటసాల తెర మీదకు వచ్చి స్వామి ముందు కూర్చుని పాడారు. జనం ఆ దృశ్యాన్ని ఎక్కువగా తలుచుకుంటారు. నా లెక్కలో వకుళ పాటది దానికేమీ తీసిపోని స్థానం.

ఆ సినిమా ఆడిన రోజుల్లో చాలా హాళ్లలో వెంకన్న విగ్రహం పెట్టారనీ, జనం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లారనీ ఆనాటివాళ్లు చెబుతారు. అంత భక్తి పోగైన చోట దేవుడి తల్లిగా నిలబడటం తేలిక కాదు. ఏ మాత్రం ఎక్కువైనా అబద్ధమయ్యేది.

తరువాతి కాలం త్వరగా చెప్పుకోవచ్చు. 1971లో ‘ప్రేమనగర్’లో నాగేశ్వరరావుకు తల్లి. ధర్మపత్నిలో చిన్న వేషం వేసిన కుర్రాడు ముప్పై ఏళ్లకు కొడుకు కళ్యాణ్‌గా ఎదురు నిలిచాడు. మరుసటి ఏడాది అదే కథ తమిళంలో ‘వసంత మాళిగై’ అయితే శివాజీకీ తల్లి ఆవిడే. పరిశ్రమలో పుల్లయ్యను ‘డాడీ’ అనీ ఆమెను ‘మమ్మీ’ అనీ పిలిచేవాళ్లు. 1987లో పుల్లయ్య పోయారు. రఘుపతి వెంకయ్య పురస్కారం మొగుడికీ పెళ్లానికీ ఇద్దరికీ వేర్వేరుగా దక్కింది, అలాంటి జంటలు అరుదు. 2006 జనవరి 16న ఎనభై ఐదేళ్ల వయసులో శాంతకుమారి కన్నుమూశారు.

సీమ అంటే బాంబులేనా

ఇరవై ఐదేళ్లుగా తెలుగు సినిమాలో రాయలసీమ అంటే సుమోలు, కత్తులు, మీసాలు. మన యాసను పగకు వాడుకున్నంతగా ఇంకెందుకూ వాడలేదు. ఆ సినిమాలను చూసి పెరిగిన పిల్లలకు ఈ నేల కళను కన్న నేల అని చెబితే నమ్మరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ ఆడిన కుటుంబం నుంచే సురభి నాటక సమాజం పుట్టింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన కమలాబాయి ఆ సురభి బిడ్డే. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది పులివెందుల వైపు. హాస్యనటుడు పద్మనాభానిది సింహాద్రిపురం. కె.వి. రెడ్డి సంగతి చెప్పుకున్నాం. తెలుగు సినిమా పసితనంలో దానికి నాయికను, దర్శకులను, స్టూడియోను ఇచ్చింది ఈ కరువు నేల.

మనకు కొలిమిగుండ్లకు దగ్గర్లోనే బనగానపల్లె నవాబు బంగ్లా ఉంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ని అక్కడ తీశాక దాన్ని అందరూ అరుంధతి కోట అంటున్నారు. దూరాల నుంచి వచ్చి ఫొటోలు దిగుతున్నారు. ఒక నాయిక పాత్ర పేరు కట్టడానికి అంటుకోవడం నాకు సంతోషమే. ఆ దారిలోనే ప్రొద్దుటూరులోనో, ఆళ్లగడ్డలోనో, నంద్యాలలోనో పిల్లలు పాటల పోటీల్లో పాడే ఒక వేదికకు శాంతకుమారి పేరు పెట్టాలని నా కోరిక. పేరు రాసిన పలకతో సరిపెట్టకుండా, ఆ వేదిక మీద ఏడాదికి ఒకసారి వకుళ పాట పాడించాలి.

ఇంకొక పని కూడా ఉంది, దానికి ప్రభుత్వం అక్కర్లేదు. పాత టాకీల కాలంలో హాలు గేటు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. పలచటి కాగితం, కథాసారాంశం, పాటలు, నటీనటుల పేర్లు. గ్రామఫోను ప్లేట్లు కొన్న ఇళ్లు కూడా మన ఊళ్లలో ఉండేవి. మీ ఇంటి అటక మీద, తాతల పెట్టెల్లో 1936 నుంచి 1945 దాకా వచ్చిన అలాంటి పుస్తకం కానీ ప్లేటు కానీ ఉంటే పాత సామాను వాడికి వేయకండి. ఫొటో తీసి దాచండి, దగ్గరి గ్రంథాలయంలో చూపించండి. వెనక పేర్ల పట్టికలో శశిరేఖ ఎదురుగా ఏ పేరుందో పిల్లల చేత చదివించండి.