ఒక గడ్డం, నలభై సబ్బులు

గడ్డం గీసుకునే సబ్బు గురించి కూడా డాక్టరుకు చెప్పుకోవాలా అని మీకు నవ్వు రావచ్చు. ఆ మధ్య మా ఓ.పి.కి వచ్చిన ఒక రిటైర్డు ఉద్యోగి కూడా అలాగే అనుకున్నారు. అందుకే ఆ సంగతి తప్ప మిగతావన్నీ చెప్పారు. ఆయన బుగ్గల మీద, గడ్డం కింద, మెడ మీద ఎర్రగా పేలినట్లుంది. పొట్టు రేగుతోంది. రాత్రిపూట దురద. "వంకాయ మానేశాను, గోంగూర మానేశాను, చేపలు మానేశాను. చివరికి ఆవకాయ కూడా మానేశాను డాక్టరుగారూ! అయినా తగ్గడం లేదు" అన్నారు. తెలుగువాడు ఆవకాయ మానేసేదాకా వచ్చాడంటే రోగం ఎంత విసిగించిందో ఊహించుకోండి.

గడ్డానికి ఏ సబ్బు వాడతారని అడిగాను.

"ఏ రోజుదండీ?" అని నన్నే తిరిగి అడిగారు.

విషయమేమిటంటే, వాళ్ళబ్బాయి అమెరికాలో ఉంటాడు. వచ్చినప్పుడల్లా, రాలేనప్పుడు వచ్చేవాళ్ళ చేతా, తండ్రికి షేవింగ్ సబ్బులు పంపుతాడు. గంధం వాసనది, నిమ్మ వాసనది, లావెండర్‌ది, పొగాకు వాసనది కూడా ఉందట. అన్నీ కలిసి 40 డబ్బాలయ్యాయి. ఒక్కటే వాడుతూ కూర్చుంటే మిగతావి పాడైపోతాయేమోనని ఆయన పద్ధతి ప్రకారం వరుసపెట్టారు. రోజుకొక డబ్బా. అన్నీ సమానంగా అరగాలని ఆయన ఉద్దేశం. నేను కొన్ని తీసెయ్యాలేమోనని అనబోతుండగానే పక్కనున్న ఇల్లాలు, "వాటిని పారెయ్యమంటే అబ్బాయిని పారెయ్యమన్నట్లు చూస్తారండీ" అన్నది.

ఇది ఒక్క ఆయన కథే కాదు. ఈ రోజుల్లో పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో గడ్డం సామాను కానుకగా ఇస్తున్నారు. తపాలా బిళ్ళలు పోగుచేసినట్లు షేవింగ్ సబ్బులు పోగుచేసే కుర్రవాళ్ళు కూడా ఉన్నారు. సరదా మంచిదే. అయితే మీ బీరువాలో ఉన్నవన్నీ ఎన్నాళ్ళకు పూర్తవుతాయో ఎప్పుడైనా లెక్క వేశారా? బ్రష్షుతో నురుగు చేసుకునేవారికి ఒకసారికి సుమారు 1 గ్రాము సబ్బు చాలు. అంటే 100 గ్రాముల బిళ్ళ 100 సార్లకు వస్తుంది. 40 బిళ్ళలంటే 4,000 సార్లు. రోజూ గీసుకున్నా దాదాపు 11 ఏళ్ళు. రోజు విడిచి రోజు గీసుకునేవారికి 22 ఏళ్ళు. మా పెద్దాయనకు 68. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రోజుకొక సబ్బు వాడితే వచ్చే చిక్కేమిటి? సబ్బు వల్ల చర్మానికి కలిగే బాధ రెండు రకాలు. మొదటిది ఒరిపిడి వంటిది. సబ్బు క్షారగుణం కలది. దాని పి.హెచ్. 9, 10 వరకు ఉంటుంది. మన చర్మం స్వభావతః కొంచెం ఆమ్లగుణం కలది, 5 దరిదాపుల్లో ఉంటుంది. సబ్బు ఎక్కువసేపు ఉంచినా, సరిగ్గా కడుక్కోకపోయినా, మొండి బ్లేడుతో గీసినచోటే మళ్ళీ గీసినా చిరచిరలాడుతుంది. ఇది అప్పటికప్పుడే తెలుస్తుంది కనుక మనిషి జాగ్రత్తపడతాడు.

రెండోది ఎలర్జీ. ఇది దొంగ. సబ్బులోని ఏదో ఒక ద్రవ్యం మీ ఒంటికి పడనిదైతే, దద్దురు వెంటనే లేవదు. ఒక రోజుకో, రెండు రోజులకో, ఒక్కోసారి మూడో రోజుకో లేస్తుంది. సోమవారం నాటి సబ్బు చేసిన పనికి బుధవారం నాటి సబ్బు మీద నింద పడుతుంది. ఆ బుధవారం డబ్బాను పక్కన పెడతారు. సోమవారం డబ్బా మళ్ళీ తన వంతు రాగానే వచ్చి కూర్చుంటుంది. 40 డబ్బాలు తిరుగుతుంటే ఏ డిటెక్టివూ నేరస్థుణ్ణి పట్టలేడు. పైగా అదే సువాసన ద్రవ్యం పది డబ్బాల్లో ఉండవచ్చు. అప్పుడు ముఖం ఎన్నడూ పూర్తిగా తేరుకోదు. పాపం, నింద వంకాయ మీదకు పోతుంది.

ఇంకొక తిరకాసు కూడా ఉంది. పాడవకూడదని అన్నీ తెరిచి వంతులవారీగా వాడుతున్నారు కదా, నిజానికి ఆ తెరవడమే వాటిని పాడుచేస్తుంది. నిమ్మ, నారింజ వాసనల్లో లిమొనీన్, లావెండర్ వాసనలో లినలూల్ అనే పదార్థాలుంటాయి. తాజాగా ఉన్నప్పుడు అవి చర్మాన్ని అంతగా బాధించవు. గాలి తగిలి ప్రాణవాయువుతో కలిసినకొద్దీ ఎలర్జీ కలిగించే పదార్థాలుగా మారతాయి. మూత తియ్యని డబ్బా ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది. షేవింగ్ సబ్బుల్లో ముఖ్యంగా ఉండేది స్టియరిక్ ఆమ్లం. అది త్వరగా కనరెక్కే సరుకు కాదు. కనుక గట్టి సబ్బు గురించి తొందర అక్కరలేదు. దానికి కావలసింది మూసిన మూత, చల్లని చోటు. స్నానాలగది అలమర కంటే బట్టల బీరువా మేలు.

క్రీముల సంగతి వేరు. వాటిలో నీరు ఎక్కువ. అందుకని నిలవ ఉండేందుకు మందులు కలుపుతారు. అటువంటి వాటిలో మిథైల్ ఐసోథయాజొలినోన్ అనేదొకటి ఎందరికో ఎలర్జీ తెచ్చిపెట్టగా, అమెరికాలోని చర్మ ఎలర్జీ నిపుణుల సంఘం 2013లో దాన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. కాబట్టి మీ దగ్గర ట్యూబులు, సబ్బులు రెండూ ఉంటే ముందు ట్యూబులు పూర్తిచెయ్యండి. పెట్టె మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12 ఎమ్ అనో 24 ఎమ్ అనో ఉంటే, తెరిచిన తరవాత అన్ని నెలల్లో వాడెయ్యాలని అర్థం. తెరిచిన తేదీ బాల్‌పెన్నుతో డబ్బా అడుగున రాసుకోవడం మంచి అలవాటు. మా ఇంట్లో పచ్చడి జాడీలకు కూడా ఇదే పద్ధతి, కాని అది మా ఆవిడ శాఖ.

ఒక ఆదివారం పూట డబ్బాలన్నీ నేల మీద పరిచి కూర్చోండి. పాత నూనె కంపు కొట్టేవి, నారింజరంగు మచ్చలు పడినవి కనరెక్కినవని తెలుసుకోండి. నల్లగా, ఆకుపచ్చగా బూజు చుక్కలున్నవి కూడా వద్దు. ఇవి ఎవరిచ్చినవైనా సరే ముఖానికి పనికిరావు. బీటలు వారినవి, కుంచించుకుపోయినవి మాత్రం పారెయ్యకండి. అవి ఎండాయి, అంతే. పది నిముషాల ముందు నాలుగు నీటిచుక్కలు వేస్తే మళ్ళీ నురుగునిస్తాయి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్ళలో, సబ్బుకు చెమట పట్టినట్లు బిందువులు కనిపిస్తే అది గ్లిసరిన్ గాలిలోని తేమను లాక్కోవడం. దానివల్ల భయం లేదు.

మిగిలినవాటిలో ఒక్కటి తియ్యండి. ఒక్కటే. వాసన లేనిదో, తక్కువ ఉన్నదో అయితే మంచిది. అప్పటికే దద్దురు ఉంటే అది పూర్తిగా తగ్గేదాకా గడ్డం జోలికి పోవద్దు. పదిరోజులు గడ్డం పెరిగితే చుట్టాలు దీక్షా అని అడుగుతారు, అడగనివ్వండి. తరవాత ఆ ఒక్క సబ్బుతోనే కనీసం మూడు వారాలు గీసుకోండి. ఏమీ కాకపోతే అరిగిపోయేదాకా అదే వాడండి. అది అయ్యాకనే రెండోదాని మూత తియ్యండి. ఒక్కటే వాడితే విసుగు పుడుతుందంటారా? సరే, రెండు పెట్టుకోండి. కాని రోజు మార్చి రోజు కాదు, నెల మార్చి నెల. ఎప్పుడు ఏది వాడారో క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే గుర్తు పెట్టండి. ఇన్నేళ్ళుగా పడిన సబ్బు ఇకముందు కూడా పడి తీరుతుందన్న హామీ మాత్రం లేదు. ఎలర్జీ ఏళ్ళు గడిచాక కూడా పుట్టవచ్చు.

కొందరు తెలివిగా సబ్బు తురిమి చేతి మీద పెట్టి, పైన ప్లాస్టరు అంటించి పరీక్ష చేసుకుంటారు. ఆ పని చెయ్యకండి. సబ్బును అలా మూసి ఉంచితే ఎవరి చర్మమైనా కందిపోతుంది, అది ఎలర్జీ కాదు. అసలు పరీక్ష చర్మవ్యాధుల విభాగంలో చేస్తారు. వీపు మీద అనుమానమున్న ద్రవ్యాలను తగిన పాళ్ళలో అంటించి, 48 గంటల తరవాత తీసి చూస్తారు. మళ్ళీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు. నొప్పి లేని పని. మా పెద్దాయనకు చేయిస్తే కొన్ని సువాసన ద్రవ్యాలు పడవని తేలింది. అబ్బాయి పంపినవాటిలో ఐరోపా సరుకు కూడా ఉండటం కలిసి వచ్చింది. అక్కడ ఎలర్జీ కలిగించగల 26 సువాసన ద్రవ్యాల పేర్లు, పరిమితికి మించి ఉంటే, లేబుల్ మీద అచ్చువెయ్యాలని 2005 నుంచి నియమం ఉంది. 2023లో ఆ జాబితా ఇంకా పెంచారు. భూతద్దం పెట్టి అన్నీ చదివి 11 డబ్బాలు పక్కకు పెట్టాం. అందులో అబ్బాయి తన మొదటి జీతంతో కొని పంపిన డబ్బా కూడా ఉంది. దాన్ని వాడనని మాట ఇచ్చారు గాని, పారెయ్యనని కూడా చెప్పారు. మూత పెట్టి దాచుకోమన్నాను. షోకేసులో ఉన్న సబ్బుకు ఎలర్జీ రాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఆయన మా దగ్గరికి రాకముందు నాలుగు నెలలు మందులషాపులో ఎవరో ఇచ్చిన ఆయింట్‌మెంటు రాశారు. రాసినప్పుడు మంత్రం వేసినట్లు తగ్గుతుంది, మానితే రెండింతలు వస్తుంది. అటువంటి మందులో బీటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్లుంటాయి. డాక్టరు చేతిలో అవి మంచి పనిముట్లే. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రని సన్నని రక్తనాళాలు బయటపడి, మొటిమలు లేచి, ఎండకు మండే ముఖం మిగులుతుంది. గడ్డం మీద వచ్చింది ఎలర్జీ కాక తామర అయితే, ఆ ఆయింట్‌మెంటు దానికి ఎరువు. పైకి మచ్చ మాసినట్లే ఉండి చుట్టూ పాకుతుంది. నాలుగు నెలలు రాసినదాన్ని ఒక్కరోజులో మానినా ముఖం భగ్గుమంటుంది కనుక, ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టరునడిగే మానాలి. సబ్బు చేసిన చెరుపు పదిరోజుల్లో పోయింది. ఆయింట్‌మెంటు చేసినదాన్ని సరిదిద్దడానికి మాకు అయిదు నెలలు పట్టింది.

నురుగు రాకపోతే సబ్బు పాతదైందనుకుని ఇంకాస్త రుద్దుతారు. మన ఊళ్ళలో చాలాసార్లు తప్పు బోరు నీటిది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. ఆ తెట్టు ముఖం మీద మిగిలినా చిరచిరే. వడకట్టిన మెత్తని నీరు ఒక లోటాడు గడ్డానికి కేటాయించండి. వెంట్రుక మెత్తబడటానికి నిజంగా కావలసింది సబ్బు కాదు, నీరు. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిముషాలు తడిపితే తక్కువ బలంతో తెగుతుంది. అందుకే స్నానం తరవాత గడ్డం సుఖం.

సబ్బు ఇంట్లో ఇద్దరు వాడినా పెద్ద ప్రమాదం లేదు. గిన్నెలో నురుగు తీసుకుంటే మరీ మంచిది. బ్రష్షు మాత్రం ఎవరిది వారిదే. వాడిన తరవాత విదిలించి గాలి తగిలేలా ఆరబెట్టాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల బ్రిటిష్, అమెరికన్ సైనికులకు దొమ్మ రోగం సోకింది. నేటి బ్రష్షులతో ఆ భయం లేదు గాని, తడిబ్రష్షును డబ్బాలో పెట్టి మూత వెయ్యడం మంచిది కాదు. బ్లేడు గురించి వేరే చెప్పాలా? హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. సెలూనులో కొత్త బ్లేడు వేయించుకునేవారు కూడా, అందరి గడ్డాలకూ తిరిగిన పటికబిళ్ళను కాదనరు. పటిక రక్తాన్ని ఆపుతుందే తప్ప క్రిములన్నిటినీ చంపదు. మీ పటిక మీరు తీసుకువెళ్ళండి.

తెరవని డబ్బాలు మరీ ఎక్కువైతే బంధువులకో, వృద్ధాశ్రమానికో ఇవ్వవచ్చు. తెరిచినవి ఇవ్వకండి. ముఖానికి పడి, వాసన మాత్రం నచ్చని వాటిని చేతులు, కాళ్ళు కడుక్కోవడానికి వాడెయ్యవచ్చు, అవీ సబ్బులే. పసిపిల్లలకు మాత్రం వద్దు. మిగిలిన ముక్కలన్నీ కలిపి ఒక ముద్ద చేసే పొదుపరులున్నారు. ఒకే సబ్బు ముక్కలైతే కలుపుకోండి. నాలుగు రకాలు కలిపితే, ఏది పడలేదో మళ్ళీ తెలియకుండా పోతుంది.

గడ్డం మీద చీము పొక్కులు వెంట్రుక మొదట్లో లేస్తున్నా, గుండ్రని మచ్చ అంచులు పాకుతున్నా, వెంట్రుకలు వాటంతట అవే ఊడుతున్నా, షుగరు వ్యాధి ఉన్నవారికి సెగ్గడ్డ లేచినా సబ్బులు మార్చుకుంటూ కూర్చోవద్దు. చర్మవ్యాధుల ఓ.పి.కి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు వాడుతున్న సబ్బు పెట్టె, రాసిన ఆయింట్‌మెంటు ట్యూబు ఖాళీదైనా సరే తీసుకువెళ్ళండి. ఆ రోజు గడ్డం గీసుకోకుండా వెళ్ళండి.