రజని పాటలు: కర్తృత్వ నిర్ణయంలో ఒక చిక్కు

పాట రాసి, వరుస కట్టి, పాడి, దాని ధ్వనిరూపాన్నీ స్వయంగా తీర్చిదిద్దే కళాకారుణ్ణి నేటి పాప్ సంగీతలోకం కొత్త తరహా వ్యక్తిగా పరిచయం చేస్తుంది. తెలుగులో ఇన్ని పనులనూ ఆకాశవాణి ఉద్యోగిగా ఉంటూనే నిర్వహించినవారు బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018).

వేంకట పార్వతీశ కవులలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావు కుమారుడైన రజని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరారు. రేడియోకు ఎప్పటికప్పుడు కొత్త పాట కావాలి. కచేరీ కీర్తనకున్న విస్తృతికి అందులో తావు లేదు. సినిమా పాటకుండే కథాసందర్భమూ లేదు. కొద్ది నిమిషాలలో తనంతట తాను నిలబడవలసిన ఆ గేయానికే లలిత సంగీతమన్న పేరు స్థిరపడింది. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రం ప్రసారం చేసిన ‘మాదీ స్వతంత్ర దేశం’ గేయానికి రచన, స్వరకల్పన రజనివి. గానం టంగుటూరి సూర్యకుమారిది.

అసలు చిక్కు సినిమా పాటల దగ్గర ఎదురవుతుంది. ‘స్వర్గసీమ’ (1945)లో భానుమతి పాడిన ‘ఓహో పావురమా’ రజని సృష్టి. ఒక హాలీవుడ్ చిత్రంలోని స్పానిష్ బాణీ దానికి ప్రేరణ. పాశ్చాత్య బాణీని అనుకరించారనడం కంటే, తెలుగు మాటల ఊపుకు దానిని లొంగదీసుకున్నారనడమే న్యాయం. అయితే ప్రభుత్వోద్యోగి కావడంతో ఆయన బహిరంగంగా సినిమాలకు పనిచేయడానికి వీలులేకపోయింది. అందువల్ల ‘గృహప్రవేశం’ (1946) సంగీతం నాళం నాగేశ్వరరావు పేరిట వెలువడింది. టైటిళ్లనూ పాటల పుస్తకాలనూ మాత్రమే ఆధారం చేసుకొనే పరిశోధకుడికి ఈ రజని కనిపించరు.

రేడియోలో మరో రకమైన అజ్ఞాతం ఉంది. విజయవాడ కేంద్రంలో ఆయన తీర్చిదిద్దిన ‘భక్తిరంజని’ తెలుగువారి ఉదయాలలో భాగమైనా, శ్రోతలలో ఎక్కువమందికి తెలిసినది కార్యక్రమం పేరే కాని రూపకర్త పేరు కాదు. నిర్మాత శ్రమ శబ్దంలో కలిసిపోవడం ఆ మాధ్యమ స్వభావం.

ఇంతకూ, ఏ పదం, ఏ స్వరం ఎవరివో తేల్చడమే పనిగా ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రచించినదీ ఈయనే. ఆ గ్రంథానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.