ఒక్క పనికి అయిదు ఎంజైములెందుకు?

ప్రశ్న: మొక్కల్లో ఒకే రసాయన చర్యను నడిపే ఎంజైములు నాలుగైదు రకాలుంటాయని చదివాను. ఒకటి చాలదా?

చక్కటి ప్రశ్న. ఒక్కో జన్యువునూ పనిచేయకుండా చేసి, మొక్క ఏమవుతుందో చూస్తే గాని శాస్త్రవేత్తలకూ దీని జవాబు దొరకలేదు. గంధకం దగ్గర మొదలుపెడదాం.

వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మనకు తెలుసు. అందులోని కాల్షియం కాయలకు, గంధకం మొక్కంతటికీ కావాలి. గంధకం చాలకపోతే ముందుగా పసుపుబారేది లేతాకులే. నత్రజని చాలనప్పుడు ముదురాకులు ముందు పాలిపోతాయి, ఎందుకంటే వాటిలోని నత్రజనిని మొక్క చిగురుకు తరలిస్తుంది. గంధకం అంత తేలిగ్గా కదలదు. అందుకని వేరు ఎప్పటికప్పుడు తోడి పంపాల్సిందే.

వేరు గంధకాన్ని సల్ఫేట్ రూపంలో పీల్చుకుంటుంది. దాన్ని ఎంజైములు ముందు సల్ఫైట్‌గా, తర్వాత సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఈ సల్ఫైడ్ ఓ-ఎసిటైల్ సెరీన్ అనే పదార్థంతో కలిస్తే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం పుడుతుంది. ప్రొటీన్లకు సిస్టీన్ లేనిదే గడవదు. వెల్లుల్లి ఘాటుకు మూలం కూడా అదే.

ఇక మీ ప్రశ్నకు వద్దాం. ఓ-ఎసిటైల్ సెరీన్‌ను తయారుచేసే ఎంజైముకు, ఆవ కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, అయిదు జన్యువులున్నాయి. ఒక్కో జన్యువు నుంచి ఒక్కో రూపం (ఐసోఫామ్) వస్తుంది. ఒకటి హరితరేణువులోకి, ఒకటి మైటోకాండ్రియాలోకి వెళ్తుంది, మూడు కణద్రవ్యంలో ఉంటాయి. ప్రొటీన్లు ఈ మూడు చోట్లా తయారవుతాయి గనుక సిస్టీనూ మూడు చోట్లా కావాలి. ఎంజైము ఎక్కడికి చేరాలో చెప్పే చిరునామా సాధారణంగా దాని మొదటి కొసలోనే ఉంటుంది. చిరునామాలు వేరు, కాబట్టి రూపాలూ వేరు.

అయిదూ సమానం మాత్రం కాదు. ఎక్కువ భాగం పని మైటోకాండ్రియాలోనే జరుగుతుంది. ఒక జన్యువు పోయినా మొక్క బతుకుతుంది, ఎందుకంటే ఒకచోట తయారైన ఓ-ఎసిటైల్ సెరీన్ పొరలు దాటి మరోచోటికి వెళ్లగలదు. అయిదూ పోతే విత్తనంలో పిండమే ఎదగదు.

చోటు సంగతి ఇది. సమయం సంగతి ఇంకా ఆసక్తికరం. జన్యువు ఉన్నంత మాత్రాన ఎంజైము ఉన్నట్టు కాదు. జన్యువు నుంచి ముందు ఆర్‌ఎన్‌ఏ ప్రతి రావాలి, ఆ ప్రతి ప్రకారం ప్రొటీను తయారవాలి. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. సల్ఫేట్‌ను వేరులోకి లాగే వాహక ప్రొటీన్లలో సల్టర్ 1;2 గంధకం సమృద్ధిగా ఉన్నప్పుడూ పనిచేస్తుంది. సల్టర్ 1;1 జన్యువు మాత్రం కొరత వచ్చినప్పుడే జోరందుకుంటుంది. ఈ స్పందనను నడిపేది స్లిమ్1 అనే ప్రొటీను అని జపాన్ పరిశోధకులు 2006లో చూపించారు.

కొరత సమయంలోనే మరో వింత కనిపిస్తుంది. సల్ఫేట్ మీద మొదట పనిచేసే ఎంజైము ఏటీపీ సల్ఫురిలేజ్. మైఆర్395 అనే చిట్టి ఆర్‌ఎన్‌ఏ పెరిగి, ఈ ఎంజైము నాలుగు రూపాల్లో మూడింటి ఆర్‌ఎన్‌ఏ ప్రతుల్ని కత్తిరిస్తుంది. గంధకం కరువైనప్పుడు దాన్ని వాడుకునే ఎంజైమును తగ్గించడమేమిటి అనిపిస్తుంది. అలా తగ్గిస్తే సల్ఫేట్ వేరులోనే ఖర్చైపోకుండా ఆకులదాకా పైకి సాగుతుంది. నాలుగో రూపం ప్రతిలో ఆ చిట్టి ఆర్‌ఎన్‌ఏ అతుక్కునే వరస లేదు, కనుక అది తప్పించుకుంటుంది. ఒకటే రూపం ఉండి ఉంటే, ఇలా కొంత ఆపి కొంత నడిపించే వీలు మొక్కకు ఉండేది కాదు.