పెరడు లేని ఇంటికి పుదీన



మా పల్లెలో బావి గట్టు పక్కన పుదీన దానంతట అదే పెరిగేది. కాళ్లు కడుక్కొన్న నీళ్లే దానికి చాలు. ఇప్పుడు మేముండే అద్దె ఇంటికి పెరడు లేదు. మెట్ల పక్కన రెండడుగుల సిమెంటు గట్టు మాత్రమే ఉన్నది. ఒకసారి మా అమ్మ వచ్చి, బజారులో కొన్న వాడిపోయిన పుదీన కట్టను చూచి, "నాలుగు ఆకులు తుంచుకొనే చోటు కూడా లేని ఇల్లేమి ఇల్లు నాయనా!" అన్నది. ఆ మాట నా మనస్సులో గుచ్చుకొన్నది.

మరునాడే ఒక గాజు సీసాలో నీళ్లు పోసి నాలుగు రెమ్మలు పెట్టాను. పది రోజులలో తెల్లని వేళ్లు వచ్చాయి. ఇంటిల్లిపాది సంతోషించాము. అయితే నెల తిరగకముందే ఆకులు పసుపు పచ్చబారాయి. సీసా లోపల నాచు పట్టినది. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన వచ్చినది. అమ్మ చూచి, "ఉత్త నీళ్లు తాగి ఎవరైనా బ్రతుకుతారా? దానికి అన్నమెవరు పెడతారు?" అన్నది. అమ్మ చదువుకోలేదు గాని అసలు సంగతి చెప్పినది.

మట్టి లేకుండా మొక్కలు పెంచుట క్రొత్త సంగతి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో విలియం గెరిక్ అనే శాస్త్రజ్ఞుడు 1929 ప్రాంతములో ఈ పని ఆరంభించి, 1937లో దీనిని హైడ్రోపోనిక్స్ అనే పేరుతో లోకానికి తెలిపాడు. మన దేశములో 1946లో కాలింపాంగ్ వద్ద జేమ్స్ షోల్టో డగ్లస్ తక్కువ ఖర్చుతో ఇది సాగించే మార్గము వెదికాడు. దానికి బెంగాల్ పద్ధతి అని పేరు. తరువాత హవాయి విశ్వవిద్యాలయములో బెర్నార్డ్ క్రాట్కీ మోటారు, కరెంటు ఏమియు అక్కరలేని పద్ధతిని రూపొందించాడు. మన ఇండ్లకు తగినది ఇదే.

నీటిలో నిలిచిన మొక్కకు మూడు కావలెను: అన్నము, గాలి, వేళ్లకు చీకటి. నా సీసాలో ఈ మూడును లేవు.

చీకటి: వెలుతురు తగిలితే ఎరువు నీటిలో నాచు పెరుగుతుంది. కాబట్టి మూత గల 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకు నల్ల రంగు వేయండి, లేదా మందపు కాగితము చుట్టండి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా వాడకూడదు. మూతకు రంధ్రము చేసి, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసును అందులో దించండి. గ్లాసులో బాగా కడిగిన కొబ్బరి పొట్టు నింపండి. 4, 5 అంగుళాల పుదీన రెమ్మను కణుపు క్రింద కోసి, క్రింది ఆకులు తీసివేసి గ్రుచ్చండి.

గాలి: మొదట నీరు గ్లాసు అడుగును తాకవలెను. మొక్క త్రాగుకొలది నీరు తగ్గి, పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోని వేళ్లే గాలి పీల్చేవి. మనము జాలిపడి మరల నిండుగా పోస్తే అవి మునిగి ఊపిరాడక కుళ్లుతాయి. నీరు బాగా తగ్గినప్పుడు సగము డబ్బా వరకే పోయండి.

అన్నము: హైడ్రోపోనిక్స్ ఎరువు ఎ, బి అని రెండు సీసాలుగా దొరుకుతుంది. రెంటిని నేరుగా కలిపితే ఒకదానిలోని సున్నపు ధాతువు రెండవదానిలోని భాస్వరముతో కలిసి పొడిగా అడుగున దిగిపోతుంది. మొక్కకు అందదు. అందువలన ముందు ఎ నీటిలో కలిపి, తరువాత బి కలపండి. మొదట సీసా మీద చెప్పిన దానిలో సగమే వేయండి.

"చిటికెడు యూరియా చాలదా?" అని రైతు సోదరులు అడుగవచ్చును. చాలదు. యూరియాలో నత్రజని తప్ప ఇనుము, సున్నము, పొటాషు ఏమియు లేవు. పైగా పొలములో యూరియాను మొక్కకు అనువుగా మార్చే సూక్ష్మజీవులు డబ్బా నీటిలో తగినన్ని ఉండవు. ఉప్పు బోరు నీరు కూడా పనికిరాదు. వాన నీరు శ్రేష్ఠము.

రోజుకు నాలుగైదు గంటల ఎండ చాలును. వేసవిలో డబ్బాను నీడకు జరిపి, తడి గోనెపట్టా చుట్టండి. నీరు వేడెక్కితే అందులోని ప్రాణవాయువు తగ్గుతుంది. మూత సందులు లేకుండా చూడండి. డెంగీ దోమ నిలువ నీటిలోనే గ్రుడ్లు పెడుతుంది.

వాము ఆకు కూడా ఇట్లే సులువుగా వస్తుంది. కొత్తిమీరకు ధనియాలను రెండుగా నలిపి, ఒక రాత్రి నానబెట్టి పొట్టులో వేయండి. చలికాలములో సుమారు 40 దినములకు కోతకు వస్తుంది. ఎండలు ముదిరితే పూతకు పోతుంది. కరివేపాకు చెట్టు జాతి గనుక ఈ డబ్బాకు తగదు.

మీకు జానెడు మట్టి ఉంటే ఇదంతా అవసరము లేదు. మట్టిలోనే నాటండి. అదే చవక, అదే సులువు. ఇది ఆ జానెడు కూడా లేనివారి కొరకు.

మొన్న అమ్మ మరల వచ్చినది. చెప్పులు విడువకముందే మెట్ల పక్కన ఆగి, ఒక ఆకు తుంచి నలిపి వాసన చూచినది. ఏమియు అనలేదు. ఆ మధ్యాహ్నము రోలు కడిగి, పచ్చడి తానే నూరినది.