ఇంటిపేరు – ప్రవాస పత్రములు

తెలుగువారి పేరున ఇంటిపేరు ముందును, వ్యక్తినామము వెనుకను ఉండును. ఇంటిపేరు పెక్కుతావుల పొడియక్షరముగానే నిలుచును. వివాహమైన స్త్రీకి పుట్టినింటిపేరు పోయి మెట్టినింటిపేరు వచ్చుట ఆచారము. ఈ మార్పు లోకవ్యవహారమున జరుగునదే కాని దాని కొక పత్రము పుట్టదు. అట్లు మార్చుకొని తీరవలెనను శాసనమును భారతదేశమున లేదు. కావున బంధువుల పిలుపులో ఆమె మెట్టినింటి కోడలు. పదవ తరగతి ధ్రువపత్రమున పుట్టినింటి ఆడపడుచు. స్వగ్రామమున ఈ ద్వైవిధ్యము చిక్కు కలిగింపదు. జీడిమెట్ల వంటి పేటలనుండి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటునకు వీసాకై పోవు నవవధువునకు మాత్రము దరఖాస్తు మొదటి పంక్తిలోనే ప్రశ్న యెదురగును: ఏ పేరు వ్రాయవలెను?

ఈ ప్రశ్నకు మన వాఙ్మయ చరిత్రయే కొంత సమాధానము చెప్పును. బండారు అచ్చమాంబ (1874–1905) కొమర్రాజువారి యాడపడుచు, లక్ష్మణరావుగారి సోదరి. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచయిత్రిగా ఆమె మెట్టినింటిపేరుతోనే స్థిరపడినది. పేరొక్కటే కావున సందేహమునకు తావు లేదు. దుర్గాబాయమ్మగారి విషయ మట్లు కాదు. రాజ్యాంగ పరిషత్తు చర్చలలో ఆమె 'జి. దుర్గాబాయి', 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడిన పిమ్మట 'దుర్గాబాయి దేశ్‌ముఖ్'. ఈ రెండు నామములును ఒక్కరివే యని యెఱుగని పరిశోధకుడు ఒక జీవితమును రెండుగా చీల్చును. దీనివలన తేలున దేమన, దోషము ఏ యింటిపేరునందును లేదు. రెండు పేర్లను కలుపు లంకె లోపించుటయందే కలదు. వీసా అధికారి యెదుటనున్న సమస్యయు నిదియే.

దీనికి తోడు క్రమభేద మొకటి కలదు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల దశకమున అమెరికా చేరిరి. ఆయన ఫిస్కేతో కూడి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి 'ఫిస్కే–సుబ్బారో' పద్ధతిగా ప్రసిద్ధమైనది. ఎల్లాప్రగడ యను నింటిపేరు పొడియక్షరమై వెనుకబడగా, వ్యక్తినామమే వంశనామ స్థానము నాక్రమించినది. నేటి పాసుపోర్టులో వంశనామమునకును వ్యక్తినామమునకును వేర్వేరు గడులున్నవి. వంశనామపు గడి ఖాళీగా నున్నచో అమెరికా వీసాలో వ్యక్తినామమే ఆ స్థానమున చేరును. వ్యక్తినామ స్థానమున 'పేరు తెలియదు' అను నర్థముగల 'ఎఫ్.ఎన్.యు.' అను మూడక్షరములు పడును. భర్తకిట్లు జరిగి, భార్య ఆయన పత్రములనుబట్టి తన వంశనామము మార్చుకొన్నచో, ఆమెకు వచ్చునది మెట్టినింటిపేరు కాదు, భర్త వ్యక్తినామము. ఆచారమును పాటింపబోయి ఆచారమున లేనిదానిని తెచ్చుకొనుట యిది.

ఇక ఆచరణ విషయము. పాసుపోర్టున నున్న పేరే దరఖాస్తునకు ఆధారము. వాడుకలోనున్న ఇతర నామములను గూర్చి అమెరికా వీసా దరఖాస్తు ప్రత్యేకముగా ప్రశ్నించును; రెండవ యింటిపేరును అచ్చట తెలుపవలెను. వివాహ ధ్రువపత్రము భార్యాభర్తృ సంబంధమునకు సాక్ష్యము. దానంతట నది పాసుపోర్టులోని పేరును మార్చదు. వివాహముల నమోదునకు 1955 నాటి హిందూ వివాహ చట్టము వీలు కల్పింపగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002 నాటి చట్టము దానిని నిర్బంధము చేసెను. పాసుపోర్టు కోరు వివాహితులు వివాహపత్రము జతపఱుప నక్కఱలేదని విదేశాంగశాఖ 2016 డిసెంబరులో ప్రకటించినది. కావున పెండ్లియైనంత మాత్రమున పుట్టినింటిపేరుగల పాసుపోర్టు చెల్లకపోదు.

చదువులు, పట్టములు, ప్రకటిత వ్యాసములు పుట్టినింటిపేరుతో నున్న స్త్రీ దానిని నిలుపుకొనుటయే మేలని నా యభిప్రాయము. బిడ్డలతో ఏకనామము కోరువారు మార్చుకొనవచ్చును. కాని దరఖాస్తునకు ముందే, పాసుపోర్టు మొదలుగా బ్యాంకు ఖాతా వఱకు, అన్నిటను మార్చుకొనవలెను. సగము మార్చి సగము విడుచుట అన్నిటికంటె చెఱుపు. అమెరికా పౌరసత్వ దరఖాస్తులో పేరు మార్పునకు మరల నవకాశ మున్నందున, తొలి నిర్ణయమే శాశ్వతమని కలత చెందనక్కఱలేదు.

మన విద్యార్థులకును ఇందొక కర్తవ్యము కలదు. రచయిత్రుల సూచికలు కూర్చునప్పుడు రెండింటిపేర్లను చేర్చి, ఒకదాని నుండి మఱొకదానికి దారి చూపవలెను. పత్రము లేని మార్పును పత్రమునకెక్కించుట పరిశోధకుని పని.